ఫీబే పేరు ఆరాధనలో వినపడాలి

సంపాదకుల గారికి నమస్కారం.

క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్లకు బాధ్యతలు ఇవ్వాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడల్లా ఒకే వచనం ముందుకొస్తుంది. స్త్రీలు సంఘాల్లో మౌనంగా ఉండాలని తొలినాళ్ల క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథీయులకు రాసిన మాట అది. మన క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి ఆ వచనం నోటికొచ్చు. అదే పౌలు రోమీయులకు, అంటే రోములోని విశ్వాసులకు, రాసిన పత్రికలో (ఉత్తరంలో) చివరి అధ్యాయాన్ని ఒక స్త్రీ పేరుతో మొదలుపెట్టాడన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆమె పేరు ఫీబే. బైబిలు మొత్తంలో ఆమె గురించి ఉన్నవి రెండే రెండు వచనాలు. వాటిని కూడా గుడిలో చదవకుండా దాటేస్తున్నామన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫీబేది కెంక్రేయ. గ్రీసులో కొరింథు నగరానికి తూర్పు వైపు ఉన్న రేవు అది. ఆసియా, సిరియా వైపు నుంచి వచ్చే ఓడలు అక్కడ ఆగేవి. నాటి రేవు కట్టడాలు కొన్ని ఇప్పటికీ ఆ తీరాన నీళ్లలో మునిగి ఉన్నాయి. సుమారు క్రీ.శ. 57 ప్రాంతంలో పౌలు కొరింథులో ఉండి రోమీయుల పత్రికను చెబుతుంటే తెర్తియు అనే ఆయన రాశాడు. పౌలు అప్పటికి రోము ముఖం చూసి ఎరగడు. రోము ప్రభుత్వపు తపాలా సర్కారు పనులకే తప్ప మామూలు జనానికి అందేది కాదు. ఉత్తరం పంపాలంటే అటు వెళ్లే నమ్మకమైన మనిషి దొరకాలి. ఫీబేను చేర్చుకోండి, ఆమెకు ఏం కావాలన్నా సాయం చేయండి అని పౌలు రోము వాళ్లను కోరుతున్నాడంటే, ఆ పత్రికను తీసుకెళ్లింది ఆమేనని బైబిలు పండితుల్లో ఎక్కువమంది అంటారు. కొన్ని పాత గ్రీకు ప్రతుల చివర కూడా, ఇది ఫీబే చేత పంపిన పత్రిక అన్న గమనిక కనిపిస్తుంది.

ఆ ప్రయాణం ఎలాంటిదో ఒక్కసారి ఊహించండి. తూర్పు తీరంలోని కెంక్రేయ నుంచి నేలదారిన పడమటి రేవు లెకాయోన్‌కు చేరాలి. అక్కడ ఓడ పట్టుకుని ఇటలీ తీరానికి, మళ్లీ అక్కడి నుంచి రోజుల తరబడి రోడ్డు మీద రోముకు. చలికాలం వస్తే సముద్రం మీద రాకపోకలు దాదాపు ఆగిపోయేవి. ఇంత దూరం ఆమె చేతిలో ఉన్నది గ్రీకులో ఏడు వేల పైచిలుకు మాటల చుట్ట. రోములో విశ్వాసులు ఇళ్లలో కూడుకునేవారు. అక్కడ దాన్ని చదువుతుంటే ఇదేమిటి, పౌలు ఇలా ఎందుకన్నాడు అని ఎవరికైనా సందేహం వస్తే అడగడానికి ఎదురుగా ఉన్నది తెచ్చిన మనిషే కదా! తర్వాతి కాలంలో క్రైస్తవ వేదాంతి అగస్టీను జీవితం మలుపు తిరిగింది ఈ పత్రికలోని మాటలు చదివే. ప్రొటెస్టంటు ఉద్యమానికి నాంది పలికిన లూథరు బోధకు ఊపిరి పోసిందీ ఈ పత్రికే.

పౌలు ఆమెను పరిచయం చేసిన తీరు కూడా చూడాలి. ఫలానా వారి భార్య అనలేదు, ఫలానా వారి కూతురు అనలేదు. కెంక్రేయ సంఘ పరిచారకురాలు అన్నాడు. ఎంతోమందికి, తనకు కూడా సహాయురాలు అన్నాడు. ఆమెకు తాను రుణపడ్డానని నలుగురిలో చెప్పడానికి ఆయన వెనకాడలేదు. అదే అధ్యాయంలో ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు... ఇలా ఎందరో స్త్రీలు వస్తారు. కష్టపడి పనిచేశారని పౌలు వాళ్లలో నలుగురిని పేరుపేరునా మెచ్చుకున్నాడు.

పూర్వం సంఘం ఆమెను మరవలేదు. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఒరిగెన్ ఈ రెండు వచనాల ఆధారంగానే, స్త్రీలు కూడా సంఘ పరిచర్యలో నియమితులయ్యేవారని రాశాడు. యెరూషలేములో ఒలీవ కొండ మీద దొరికిన ఒక సమాధి శాసనం సోఫియా అనే పరిచారకురాలిని ‘రెండో ఫీబే’ అంటుంది. క్రీ.శ. 451లో కల్కెదోనులో జరిగిన బిషప్పుల మహాసభ, నలభై ఏళ్లు నిండని స్త్రీని డీకన్‌గా, అంటే సంఘ పరిచారకురాలిగా, నియమించకూడదని చట్టం చేసింది. అలాంటి స్త్రీలు లేకపోతే వయసు నిబంధన దేనికి?

ఇక మన రోజుల సంగతి. కథోలిక దేవాలయాల్లో ఏ రోజు ఏ భాగం చదవాలో పఠన క్రమం ముందే చెబుతుంది. ఆదివారాల్లో ఈ 16వ అధ్యాయం నుంచి వచ్చేవి చివరి మూడు వచనాలే, అవీ మూడేళ్లకోసారి. మామూలు రోజుల పూజల్లో రెండేళ్లకోసారి, సామాన్య కాలం (పెద్ద పండుగల కాలాలు కాని రోజులు) 31వ వారం శనివారం, ఇదే అధ్యాయం వస్తుంది. కానీ పఠనం 3వ వచనం నుంచి మొదలవుతుంది! ఫీబే ఉన్నది మొదటి రెండు వచనాల్లో. ఏం చదవాలన్నది పాస్టరు గారి ఇష్టానికే వదిలేసిన సంఘాల్లో ఈ అడ్డు కూడా లేదు. అయినా పేర్ల పట్టికే కదా అని పేజీ తిప్పేయడం మామూలైపోయింది.

స్త్రీలను డీకన్లుగా నియమించే విషయం మీద పోప్ ఫ్రాన్సిస్ 2016లో ఒకసారి, 2020లో మరోసారి కమిషన్లు వేశారు. 2024 అక్టోబరులో ముగిసిన కథోలికుల సినడ్ (సంఘ పెద్దల సభ) కూడా ఆ ప్రశ్న ఇంకా తేలలేదనే చెప్పింది. ఇక్కడ మన నంద్యాల డయోసిస్‌కు 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. ప్రొటెస్టంటు శాఖ అయిన దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్‌ఐలో) తొలి మహిళా బిషప్ ఆమె. అది మనమంతా గర్వపడాల్సిన విషయం. అయినా చాలా ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసేది, ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చునేది, సండే స్కూలు పిల్లల్ని కూడగట్టేది, సభలు పెడితే తెల్లవార్లూ వంటల దగ్గర నిలబడేది ఆడవాళ్లు. కమిటీలో కూర్చునేటప్పటికి, లెక్కల పుస్తకం చూసేటప్పటికి ముందు వినపడేవి మగవాళ్ల పేర్లు.

పౌలు మౌనంగా ఉండమన్నాడు కదా అనే పెద్దలకు ఒక మనవి. అదే కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయంలో, స్త్రీలు ప్రార్థన చేసేటప్పుడూ ప్రవచించేటప్పుడూ తల మీద ముసుగు ఉండాలని ఆయనే రాశాడు. నోరే తెరవకూడనివాళ్లకు ఆ నియమంతో పనేముంది? ఒక్క వచనం పట్టుకుని మిగతా పౌలును వదిలేయడం న్యాయం కాదు.

కథోలికుల పునీతుల పట్టికలోనూ ఆర్థడాక్స్ వారి క్యాలెండరులోనూ సెప్టెంబరు 3 ఫీబే స్మరణ దినం. ఏ శాఖ వారైనా సరే, ఆ తేదీకి దగ్గరలోని ఆదివారం ఆరాధనలో ఈ రెండు వచనాలు చదివించండి, ఆ పూట వాక్యం చెప్పే అవకాశం సంఘంలోని ఒక స్త్రీకి ఇవ్వండి. ఇందుకు రోము అనుమతి కోసమో సినడ్ తీర్మానం కోసమో ఆగనక్కరలేని సంఘాలు మన రెండు రాష్ట్రాల్లో బోలెడన్ని ఉన్నాయి. పఠన క్రమం పాటించే సంఘాల బిషప్పులు, రోమీయుల పత్రిక 16వ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచే చదివేలా క్రమాన్ని సవరించాలని పై సభలకు రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు