ఏకపాత్ర సంగీత నాటకం: ఇకపై ట్రాక్ లేదు, టికెట్టు 400

ప్రేమించినవాడు వదిలి వెళ్లాక ఒక అమ్మాయి మెల్లగా కోలుకునే కథ ఇది. హైదరాబాద్‌లో మేం వేస్తున్న ఈ ఏకపాత్ర సంగీత నాటకానికి వచ్చే నెల నుంచి టికెట్టు 300 కాదు, 400 రూపాయలు. శనివారం మధ్యాహ్నం ఆట ఉండదు, సాయంత్రం ఒక్కటే.

డబ్బు ఎక్కడికి పోతుందంటే, ముందే రికార్డు చేసి పెట్టుకున్న వాద్య సంగీతం, అంటే ట్రాక్ తీసేసి వీణ, మృదంగం వేదిక పక్కనే పెడుతున్నాం. పాటలు కొత్తవే, నడక మాత్రం క్షేత్రయ్య పదాలది: విలంబ కాలం అంటే బాగా నెమ్మది, తాళం ఎక్కువగా ఏడు లెక్కల మిశ్రచాపు. అభినయం పండిన రోజు ఒకే పాదాన్ని ఆరుసార్లు తిప్పి పాడాలి. ట్రాక్‌లో నాలుగే ఉంటాయి. ఐదోసారి కావాలనిపించినా నటి చరణంలోకి పరుగెత్తాల్సిందే. అప్పుడు దుఃఖం పోయి తాళం లెక్క మిగులుతుంది. వాద్యకారులైతే ఆమె ముఖం చూసి ఇంకో ఆవృత్తం, అంటే తాళం ఇంకో చుట్టు వాయిస్తారు.

ఏడ్చిన వెంటనే పాడటం ఇంకో చిక్కు. ఏడుపుకి గొంతు బిగుసుకుంటుంది, తారస్థాయిలో స్వరం చీలుతుంది. అందుకే అక్కడ వీణ మీద ఒక నిమిషం ముఖారి రాగం ఆలాపన పెట్టాం. ఆ వ్యవధిలో ఆమె కథలో భాగంగానే కూజాలో నీళ్లు తాగుతుంది. పాటకు ఆధారమైన శ్రుతిని కూడా ఐదున్నర నుంచి ఐదుకు, అంటే కాస్త కిందికి దించాం. మాటా పాటా కలిపి 80 నిమిషాలు ఒక్క గొంతే మోయాలి. అదే రోజు రెండో ఆట వేస్తే పై స్థాయి అరుపైపోతుంది.

స్పీకర్లు నటి కంటే ముందు ఉండాలి, లేకపోతే మైకు కూత పెడుతుంది. వాటి కోసం ముందు వరుస సీట్లు తీసేశాం.

వదిలి వెళ్లినవాడు తిరిగొచ్చేలా ముగింపు మార్చమని కొందరు అడుగుతున్నారు. మార్చం. మొదటి పాటలు అతనితో అంటుంది, నడిమి పాటలు చెలితో చెప్పుకుంటుంది. మోహన రాగంలో పాడే చివరి పాటలో అతని ఊసే లేదు. అతను తిరిగొస్తే ఆమె కోలుకోవడం అతని దయ అయిపోతుంది.

మధ్యలో విరామం లేదు. గాయం ఇంకా పచ్చిగా ఉన్నవాళ్లు కౌంటర్‌లో చెబితే తలుపు దగ్గర సీటు ఇస్తాం, బయటికెళ్లి మళ్లీ రావచ్చు.

ఇప్పటికే 300కి కొన్నవాళ్లు తేడా కట్టక్కర్లేదు. ముందు వరుసవాళ్లకు రెండో వరుసలో చోటుంచాం. మధ్యాహ్నం ఆటకు కొన్నవాళ్లు సాయంత్రం రావచ్చు, కుదరకపోతే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాం.