ఆర్థిక మంత్రి గారూ, మా కోర్టుకి ఒక స్టెనోని ఇప్పించండి

నమస్కారం సార్. మాది విశాఖ, గాజువాక. మా నాన్న భాగపంపకాల దావా వేసి తొమ్మిదేళ్ళయింది. మొన్న వాయిదాకి ఆయన్ని బస్సెక్కించి తీసుకెళ్తే జడ్జి గారున్నారు, లాయరు గారున్నారు, సాక్షి కూడా (ఆశ్చర్యమే!) వచ్చాడు, కానీ సాక్ష్యం టైపు చేయడానికి స్టెనో లేడు, ఉన్న ఒక్కాయన్ని పక్క కోర్టుకి పంపారట. మళ్ళీ వాయిదా. వరండాలో బల్ల ఖాళీ లేక మా నాన్న తన కేసు కాగితాల కట్టనే కింద వేసుకుని కూర్చున్నారు.

హైకోర్టు జడ్జీల జీతాలకి అసెంబ్లీలో ఓటింగే అక్కర్లేదు, రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం రాష్ట్ర సంచిత నిధి (అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానా) నుంచి నేరుగా వెళ్తాయి. మాలాంటి వాళ్ళు మెట్లెక్కే కింది కోర్టులకి మాత్రం ఖర్చు చాలావరకు మీ బడ్జెట్టే దిక్కు. మేం కట్టే కోర్టు ఫీజు కూడా మీ ఖజానాకే కదా!

కోర్టు భవనాలకి 1993-94 నుంచి కేంద్ర పథకం ఉంది, అందులో మన రాష్ట్రం వాటా 40 శాతం. అది ఆలస్యం చేయకండి. పది లక్షల జనాభాకి 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది, ఇప్పటికీ అందులో సగం మంది కూడా లేరు. పోనీ జడ్జిని వేసినా, వెనకాల స్టెనో, బెంచి క్లర్కు, సమన్లు పట్టుకెళ్ళే మనిషి లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తారు?

మా వాయిదా మళ్ళీ మూడు నెలలకి. ఈలోపు ఆ పోస్టుకి డబ్బు మంజూరు చేస్తారా?

ఇట్లు,
గాజువాక నుంచి ఒక కక్షిదారు కొడుకు