వార్షిక నివేదిక 2024–25: డిజిటల్ భాండాగారం ఎంతవరకు వచ్చింది?

సభ్యులందరికీ నమస్కారం.

నిరుటి సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి అప్పగించిన పెద్ద పని ఒకటే. మన గ్రంథాలయం బీరువాల్లోనూ అటక మీదా ఉన్న పాత పుస్తకాలు, నాటక సమాజాల కరపత్రాలు, పంచాంగాలు, బడి పత్రికలు స్కాన్ చేసి, ఎవరైనా ఎక్కడి నుంచైనా పైసా చెల్లించకుండా చదువుకునేలా ఒక డిజిటల్ భాండాగారం ఏర్పాటు చేయాలన్నారు. ఏర్పాటైంది. మన హాలులోని కంప్యూటర్లలో నడుస్తోంది. బయటివారికి మాత్రం ఇంకా తెరవలేదు. స్కానింగ్ అయ్యాక ఇంకా ఆలస్యం దేనికని అమలాపురం నుంచి రాజోలు దాకా కనబడిన సభ్యులందరూ అడుగుతున్నారు. ఆలస్యానికి కారణాలు చెప్పడమే ఈ నివేదికలో ముఖ్యభాగం. మిగతా కార్యక్రమాలు, ఏటా జరిగేవే కనుక, చివర్లో రెండు మాటల్లో ముగిస్తాను.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

భాండాగారాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌గా మూడు పేర్లు పరిశీలనకు వచ్చాయి. న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన గ్రీన్‌స్టోన్, ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఈప్రింట్స్, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు, హెచ్‌పీ కంపెనీ కలిసి 2002లో విడుదల చేసిన డీస్పేస్. మూడూ ఓపెన్ సోర్స్‌వే, మూడింటికీ కొనుగోలు ధర లేదు. డీస్పేస్‌ను ఎంచుకోవడానికి మాకు కనిపించిన గట్టి కారణం సాంకేతికమైనది కాదు. మన దేశంలో పరిశోధన గ్రంథాలను భద్రపరిచే శోధ్‌గంగ నడిచేది దీనిమీదే. చాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో దీన్ని వాడుతున్నారు. రేపు ఏదైనా మొరాయిస్తే ఫోను చేసి అడగడానికి మనిషి దొరుకుతాడు. మనలాంటి చిన్న సంఘానికి అంతకు మించిన అర్హత వేరే ఏం కావాలి?

ధర లేదన్నాను కానీ చాకిరీ లేదనలేదు. డీస్పేస్ 7 నుంచి, అంటే 2021 నుంచి, లోపలి యంత్రాంగం వేరు, తెర మీద కనిపించే భాగం వేరు. లోపలిది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో, తెరది ఏంగులర్ అనే సాధనంతో రాసి ఉంటుంది. వివరాలు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఉంటాయి, వెతుకులాట సోలర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. ఈ నలుగురూ కలిసిమెలిసి ఉంటేనే సంసారం సాగుతుంది. మేము పెట్టింది 8వ వెర్షన్. సర్వర్ ఉన్న కంప్యూటరులో లాగిన్ చక్కగా అవుతుంది, పక్క బల్ల మీది కంప్యూటరు నుంచి అవదు. ఇది చాలాచోట్ల ఎదురయ్యేదే. ఒకే యంత్రంలో వాడినంతకాలం మామూలు చిరునామా సరిపోతుంది, మరో యంత్రం నుంచి లాగిన్ కావాలంటే మాత్రం హెచ్‌టీటీపీఎస్ భద్రత తప్పనిసరి. పైగా తెర చిరునామాను అమరికల ఫైలులో అక్షరం పొల్లుపోకుండా రాయాలి. అది సరిచేశాక నలుగురు ఒకేసారి కూర్చుని పనిచేసుకునే వీలు కలిగింది.

పరీక్షలు ఎలా చేశాం

డీస్పేస్ కొత్త వెర్షన్ వచ్చే ముందు ప్రపంచంలో దాన్ని వాడేవాళ్లు కలిసి టెస్టథాన్ పేరుతో పరీక్షలు చేస్తారు. ఒక్కో పనికి మెట్లు రాసి ఉంటాయి. ఆ మెట్ల ప్రకారం చేసి, ఎక్కడ తేడా వచ్చిందో నమోదు చేస్తారు. ఆ పద్ధతినే మన స్థాయికి కుదించుకున్నాం. విశ్రాంత ప్రధానోపాధ్యాయులొకరు, డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు, రావులపాలెంలో డీటీపీ పని చేసే ఒక సభ్యుడు, కంప్యూటరు ముట్టుకోవడమే ఇష్టంలేని మా కోశాధికారి గారు ఇందులో ఉన్నారు. చివరి పేరు చూసి నవ్వకండి. బటన్ ఎక్కడుందో తెలియని మనిషి ఎక్కడ ఆగిపోతాడో చూడటమే అసలైన పరీక్ష. ఆయన ఆగిన చోటల్లా మాకొక పని దొరికింది.

మొట్టమొదట ఆగింది భాష దగ్గర. పుస్తకం చేర్చే ఫారంలో భాషల జాబితా ఉంటుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, టర్కిష్ అన్నీ ఉన్నాయి, తెలుగు లేదు. ఫారాల అమరిక ఫైలులో ఒక జత పంక్తులు చేర్చి, సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపితే తెలుగు వచ్చింది. ఫ్రెంచి ముందే ఉండటం యానాం సభ్యులొకరు ఇచ్చిన పాత కాగితాలకు కలిసివచ్చింది. అక్కడ 1954 దాకా ఫ్రెంచి పాలనే కదా.

తర్వాత పేర్లు. రచయిత పేరుకు ఫారంలో రెండు గళ్లు, ఇంటిపేరుకొకటి, పేరుకొకటి. కందుకూరి ఒక గడిలో, వీరేశలింగం మరో గడిలో రాస్తే సరిపోతుంది. కానీ అందరూ అలా రాయరు. చెళ్ళపిళ్ళ అని ఒకరు, చెళ్లపిళ్ల అని ఒకరు, వేంకట అని ఒకరు, వెంకట అని మరొకరు రాశారు. రచయితల జాబితా తెరిస్తే శతావధాని గారు ఒక్కరే నలుగురై కూర్చున్నారు. అంతకన్నా చిక్కైనది కంటికి కనబడని తేడా. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా తెలుగు టైపింగులో ఒక అదృశ్య అక్షరం వాడతాం. అది ఉన్న పేరూ లేని పేరూ తెర మీద ఒకేలా కనిపించవచ్చు, యంత్రానికి మాత్రం వేరు. అందుకే రచయితల పేర్లకు ఒక ప్రామాణిక పట్టిక తయారుచేసుకున్నాం. ఇకపై అందులోంచి ఎంచుకోవడమే, టైపు చేయకూడదు.

వెతుకులాటలో మరో సంగతి. గోదావరి అని వెతికితే గోదావరి అన్న పదం విడిగా ఉన్న పుటలే వచ్చాయి, గోదావరిలో, గోదావరికి ఉన్నవి రాలేదు. విభక్తులు పదానికి అతుక్కునే భాష మనది, యంత్రం మాత్రం పదాన్ని పదంగానే చూస్తుంది. పదం చివర నక్షత్రం గుర్తు పెడితే అన్నీ వస్తాయి. ఆ సూచనను వెతుకు పెట్టె కిందే తెలుగులో రాయించాం. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన మన సావనీర్ల సంగతి మరీ అన్యాయం. కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. వాటిని బొమ్మలుగా మార్చి, టెసరాక్ట్ అనే ఉచిత సాధనంతో అక్షరాలు గుర్తింపజేస్తున్నాం. పాత అచ్చులో అది మ, య దగ్గరా, ద, థ, ధ దగ్గరా తడబడుతోంది. దిద్దడానికి కళ్లు కావాలి, అంటే మీరు కావాలి.

క్రోధి ఎప్పటిది?

ఈ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ చర్చ నడిచింది అచ్చు తేదీల మీద. తేదీ గడిలో యంత్రం అడిగేది క్రీస్తుశకం. మన పాత పుస్తకాల అట్ట లోపల చాలాసార్లు ఉండేది సంవత్సరం పేరు మాత్రమే. రచయిత పేరు లేని ఒక చిన్న భజన కీర్తనల పుస్తకం మీద "క్రోధి నామ సంవత్సరం" అని ఉంది. నిరుటి ఉగాది నుంచి మొన్నటి ఉగాది దాకా నడిచింది క్రోధే. అరవై ఏళ్లు వెనక్కి వెళితే 1964–65, ఇంకో అరవై వెనక్కి వెళితే 1904–05. ఈ రెండిట్లో ఏది?

కాగితం చూసి పాతదని ఒకరు, అచ్చు చూసి కాదని మరొకరు. తేల్చింది వెనుక అట్ట. వెల: రెండణాలు. మన దేశంలో దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఆ తర్వాత కొన్నాళ్లు నోటిమాటగా అణాలు నడిచినా, 1964 నాటికి పుస్తకం వెల పైసల్లోనే వేస్తారు. కనుక 1904–05 అని నిర్ణయించాం. సంవత్సరం ఉగాదికి మొదలై రెండు క్రీస్తుశకాల మీదుగా పోతుంది కాబట్టి గడిలో 1904 వేసి, గమనికలో "క్రోధి, వెలను బట్టి నిర్ణయించినది" అని రాశాం. ప్రతి తేదీకీ ఈ గమనిక ఉండాలన్నది ఇప్పుడు మన నియమం.

ఒక్క తేదీకి ఇంత తర్జనభర్జన ఎందుకంటారేమో. ఆ పుస్తకాన్ని తెరవొచ్చా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత తెలియని పుస్తకానికి ప్రచురణ జరిగిన మరుసటి ఏడాది ఆరంభం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1904 అయితే బెంగే లేదు. 1964 అయితే 2024 చివరిదాకా, 1965 అయితే 2025 చివరిదాకా మూసే ఉంచాలి. రచయిత తెలిసిన పుస్తకానికైతే ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. 1946లో పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం, 1952లో పోయిన అడవి బాపిరాజు రచనలు ఎప్పుడో స్వేచ్ఛ పొందాయి. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు 2022 జనవరి 1 నుంచి అందరివీ. 1980లో పోయిన దేవులపల్లి కృష్ణశాస్త్రి రచనలకు 2041 రావాలి.

అలాంటి పుస్తకాలను ఏం చేయాలి? వ్యాపార దృష్టి లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం డిజిటల్ ప్రతిగా దాచుకోవచ్చని 2012 సవరణ చెబుతోంది. దాచుకోవచ్చు, నలుగురికీ పంచకూడదు. డీస్పేస్‌లో ప్రతి ఫైలుకూ ఫలానా తేదీ నుంచి తెరుచుకోవాలని పెట్టవచ్చు. మరునాటి తేదీ పెట్టి చూశాం, మరునాడు తెరుచుకుంది. 2041 జనవరి 1 కూడా పెట్టాం. అప్పటికి ఈ కార్యవర్గంలో ఎవరుంటారో దేవుడికి తెలియాలి. ఇక్కడొక మెలిక ఉంది. పుస్తకం ఫైలును మూసినంతమాత్రాన సరిపోదు. దాని నుంచి యంత్రం తయారుచేసే చిన్న ముఖచిత్రం, వెలికితీసిన పాఠం కూడా మూతబడ్డాయో లేదో లాగౌట్ అయి, బయటివారిలా చూడాలి. ఈ పరీక్ష మూసిన ప్రతి పుస్తకానికీ జరగాల్సిందే. ఇంకా పూర్తి కాలేదు.

పడగొట్టి నిలబెట్టడం

భాండాగారం నడవడం చూసి మురిసిపోయేకంటే అది పోయాక తిరిగి వస్తుందా అని చూడటం నా దృష్టిలో ముఖ్యం. పుస్తకాల ఫైళ్లుండే అసెట్‌స్టోర్ ఫోల్డరులోకి వెళ్లి చూస్తే ఒక్క పుస్తకం పేరూ కనబడదు. రెండేసి అంకెల ఫోల్డరులో మరో ఫోల్డరు, అందులో ఇంకొకటి, చివరికి పొడుగాటి అంకె పేరుతో ఒక ఫైలు. ఆ అంకె ఏ పుస్తకమో చెప్పగలిగేది డేటాబేసు ఒక్కటే. డేటాబేసు పోతే మిగిలేది అనామకుల గుంపు. అసెట్‌స్టోర్ పోతే మిగిలేది పేర్ల జాబితా.

ఖాళీ కంప్యూటరు మీద రెంటినీ తిరిగి నిలబెట్టి చూశాం. డేటాబేసు ప్రతి ముందురోజుదీ, ఫైళ్ల ప్రతి ఆ రోజుదీ అయితే, మధ్యలో చేర్చిన పుస్తకాలు ఫైళ్లుగా ఉన్నాయి కానీ ఎక్కడా కనిపించలేదు. తారుమారు చేస్తే వివరాలు కనిపించాయి, ఫైలు తెరుచుకోలేదు. కనుక రెండు ప్రతులూ ఒకే వేళ, చేర్పులు ఆపి తీయాలి. వెతుకులాట సూచీ పోయినా డేటాబేసు నుంచి మళ్లీ కట్టుకోవచ్చు. ఎవరెన్ని సార్లు చదివారన్న లెక్కలు మాత్రం సోలర్‌లోనే ఉంటాయి, విడిగా దాచకపోతే పోయినట్టే. ఫైలు చెడిపోయిందేమో తెలియడానికి, ప్రతి ఫైలుకూ యంత్రం లెక్కగట్టే ఎండీ5 అనే గుర్తును పాత దానితో పోల్చే పనిని వారానికొకసారి నడిచేలా పెట్టాం.

మన ప్రాంతంలో ఉండి నీటి సంగతి మరిచిపోలేం. 1986 వరదా, 1996 నవంబరు తుపానూ చూసినవాళ్లు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరికకు తాజా ప్రతి తీసి డిస్కును పై అంతస్తుకు చేర్చాలి, రెండోదానికి సర్వర్‌నే పైకి ఎక్కించాలి అని గోడమీద రాసి పెట్టాం. మరో ప్రతి కోనసీమ బయట ఉండాలి. రాజమహేంద్రవరంలో ఒక సభ్యుడు తన ఇంట్లో ఉంచుకుంటానన్నారు.

ఇతర కార్యక్రమాలు

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు, వేసవిలో పిల్లల పఠన శిబిరం, ఉగాది కవి సమ్మేళనం జరిగాయి. కవి సమ్మేళనం ఎప్పటిలాగే ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగిసింది. జమాఖర్చులు విడిగా జతచేశాం.

సమావేశం ముందున్న నిర్ణయాలు

మొదటిది శాశ్వత చిరునామా. ప్రతి పుస్తకానికీ మారని గుర్తింపు సంఖ్య ఇచ్చే హ్యాండిల్ పద్ధతి డీస్పేస్‌లో ఉంది. కొత్తగా పెట్టినప్పుడు అది 123456789 అనే ఉత్తుత్తి ముందుసంఖ్యతో వస్తుంది. పరీక్షలకు అది చాలు. తెరిచాక ఎవరైనా తమ వ్యాసంలో మన పుస్తకం లంకె ఇస్తే ఆ లంకె పదేళ్ల తర్వాతా పనిచేయాలి, అందుకు సొంత ముందుసంఖ్య నమోదు చేయించుకుని ఏటా రుసుము కట్టాలి. ఈ ఖర్చుకు ఆమోదం కోరుతున్నాం. ఇది లేకుండా తెరవడానికి నేను వ్యతిరేకం.

రెండోది, దేన్ని ముందు తెరవాలన్నది. అన్నీ సిద్ధమయ్యేదాకా ఆగక్కర్లేదు. తేదీ తేలినవీ, హక్కుల చిక్కు లేనివీ, పేర్లు దిద్దినవీ ముందుగా తెరిచి, వాటి వివరాలను ఓఏఐ-పీఎంహెచ్ పద్ధతిలో ఇతర భాండాగారాలు తీసుకునే వీలు కల్పించాలని కార్యవర్గం ప్రతిపాదన. అలా చేస్తే మన పుస్తకం కోసం మన గుమ్మం దాకా రానివారికి కూడా అది కనబడుతుంది.

మూడోది మీ చేతుల్లోది. హక్కులు ఇంకా ఉన్న స్థానిక రచయితల వారసులు మన సభ్యుల్లోనే కొందరున్నారు. పుస్తకాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచడానికి ఒప్పుకుంటే అనుమతి పత్రం రాసివ్వండి. వారసులు ఒకరికన్నా ఎక్కువమంది ఉంటే అందరి సంతకాలూ అవసరం. ఫారాలు కౌంటరు దగ్గర ఉన్నాయి. అక్షరాలు దిద్దే పనికి వచ్చేవారు అక్కడే పేరు రాయించుకోవచ్చు. పని శనివారం సాయంత్రాలు హాలులో జరుగుతుంది, కళ్లద్దాలు మీవి మీరే తెచ్చుకోవాలి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి