పేరు కొట్టేసినా బోర్డు దిగదు

సంపాదకులు గారికి,

రిజిస్టరులోంచి పేరు తీసేసిన డాక్టరు మర్నాడు కూడా అదే గదిలో కూర్చుని చీటీ రాస్తుంటే ఆపేదెవరు? ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో ఈ ప్రశ్నకి రెండు రాష్ట్రాలు జవాబు చెప్పాలి. ఇక్కడి తెలుగువాళ్లు జబ్బు కాస్త ముదిరితే పాతపట్నం, టెక్కలి వైపు వెళ్తారు, అటువాళ్లు ఇటు వస్తారు. రాష్ట్ర వైద్య కౌన్సిళ్ల దగ్గరుండే డాక్టర్ల రిజిస్టర్లు మాత్రం ఒకటి భువనేశ్వర్‌లో, ఒకటి విజయవాడలో.

చట్టానికి పదును లేదనలేం. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులో పేరు లేనివాళ్లు వైద్యం చేయకూడదు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టకూడదు, కోర్టులో వైద్య నిపుణుడిగా సాక్ష్యం చెప్పకూడదు. చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లింగ నిర్ధారణ కేసులకైతే 1994 చట్టం గడువులు కూడా కట్టింది. కోర్టు అభియోగాలు ఖరారు చేశాక కేసు తేలేదాకా రిజిస్ట్రేషన్ సస్పెన్షన్, నేరం రుజువైతే మొదటిసారి 5 ఏళ్లు, రెండోసారి శాశ్వతంగా తొలగింపు.

చిక్కంతా ఆ తర్వాతే. పేరు కొట్టేశాక ఆ మనిషి మీద కౌన్సిల్ తీసుకునే క్రమశిక్షణ చర్యకి అర్థం ఉండదు, తీసేయడానికి ఇంకేం మిగిలిందని? అక్కణ్ణుంచి అది నేరం కిందికి వస్తుంది. అలాగని రోగి తరఫువాళ్లు కాగితం పట్టుకుని ఠాణాకి వెళ్తే సరిపోదు. మోసం కేసు వేరుగా పెట్టించవచ్చు గానీ, 2019 చట్టం కింద కోర్టు కేసు చేపట్టాలంటే కమిషనో రాష్ట్ర కౌన్సిలో అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గజపతి జిల్లాకి ఆ అధికారి ఎవరు? ఆ పేరు, ఫోన్ నంబరు సీడీఎంఓ (జిల్లా ముఖ్య వైద్యాధికారి) ఆఫీసు గోడ మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాయించాలి.

ఈలోగా జనం చూసుకోగలిగింది చీటీ. 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం క్లినిక్‌లోనూ, చీటీ, రసీదు, సర్టిఫికెట్ మీదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఉత్త నంబరు చూస్తే చాలదు. అదే నంబరు ఒడిశాలో ఒకరికి, ఆంధ్రాలో ఇంకొకరికి ఉంటుంది. కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టరులో కౌన్సిల్ పేరు ఎంచుకుని, నమోదైన ఏడాది, తండ్రి పేరు కలుస్తున్నాయో చూడాలి. రెండు రాష్ట్రాల్లోనూ నమోదైన డాక్టరైతే రెండు చోట్లా వెతకాలి. ఇంకో తిరకాసుంది: చూసేది తొలగించిన డాక్టరు, చీటీ మీద పడేది రిజిస్ట్రేషన్ ఉన్న కుర్ర డాక్టరు ముద్ర. నాడి పట్టినవారూ సంతకం పెట్టినవారూ ఒకరేనా అని అక్కడే అడగాలి. ఇక బోర్డు మీది ‘ఆర్‌ఎంపీ’ని నమ్మి లాభం లేదు. చట్టంలో ఆ మాటకి రిజిస్టరైన వైద్యుడని అర్థం, మనవైపు వాడుకలో డిగ్రీ లేని ఊరి డాక్టరని.

మందుల షాపులోనూ ఆనవాలు దొరుకుతుంది. షెడ్యూల్ హెచ్1 మందు (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన ఒక రకం మందులు) అమ్మితే రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, ఎంత ఇచ్చారో విడి పుస్తకంలో ఎక్కించి 3 ఏళ్లు దాచాలి. తొలగింపు తేదీ తర్వాతి పేజీలు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తిప్పితే ఎవరు ఇంకా చీటీలు రాస్తున్నారో బయటపడుతుంది.

డాక్టరు పేరు తొలగిస్తే స్థానిక పత్రికల్లో బాగా ప్రచారం చేయాలని ఆ 2002 నియమావళే చెబుతోంది. ఒడియాలోనో ఇంగ్లీషులోనో వేసి ఊరుకుంటే ఇక్కడి తెలుగువాళ్లకి అందదు. రెండు కౌన్సిళ్లూ ఆ ఉత్తర్వుల్ని సరిహద్దుకి ఇరుపక్కల తెలుగు ఎడిషన్లకి పంపాలి, మీరూ వేయాలి. పేరు, నంబరుతో పాటు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో తప్పకుండా వేయండి. గడువు లేకుండా వేస్తే శిక్ష ముగించుకుని తిరిగి నమోదైన డాక్టరుని కూడా జనం దొంగ డాక్టరనుకుంటారు.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా