ఇకమీదట మిక్సింగ్ విజయనగరంలోనే, మాస్టరింగ్ మాత్రం బయట

మన స్టూడియోలో పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు, పాటలు చేయించుకున్నవాళ్లకు అందరికీ నమస్కారం. పైడితల్లి అమ్మవారి పాటలు తొలేళ్ల నాటికి, అంటే సిరిమాను ఉత్సవానికి ముందు రోజుకి రావాల్సింది, పండగ దాటాక వచ్చాయేంటని చాలామంది అడుగుతున్నారు. కొందరు ఫోన్లో గట్టిగానే కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. సిరిమాను తిరిగిపోయాక అమ్మవారి పాట యూట్యూబ్‌లో పెడితే వినేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకూ తెలుసు. అసలేం జరిగిందో, ఇకమీదట ఏం మారుతుందో మీకు సూటిగా చెప్పాలి.

ఇన్నాళ్లూ రికార్డింగ్ మన దగ్గర జరిగేది. విడివిడిగా రికార్డు చేసిన గొంతుల్ని, వాద్యాల్ని కలిపే మిక్సింగ్, కలిపిన పాటకి చివరి మెరుగు పెట్టే మాస్టరింగ్, రెండూ హైదరాబాద్‌లో ఒక ఇంజనీర్ చేసిపెట్టేవారు. పేరు చెప్పను. కీబోర్డు ట్రాకు మీద పాడిన భక్తి పాటలకు ఆయన పని బాగుండేది, కాదనను. ఈసారి పంపింది మాత్రం జముకు వాయిస్తూ కథ పాడే జముకుల కథ బృందం పాడిన అమ్మవారి పాటలు. జముకు, తాళాలు, కథ చెప్పే పెద్దాయన గొంతు, వంతలు, అన్నీ విడివిడి ట్రాకులుగా, 24 బిట్ వేవ్ ఫైళ్లలో పండగకి చాలా ముందే పంపాను. అడిగిన అడ్వాన్సు అడిగిన రోజే వేశాను. గడువు దాటింది. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే "రేపు పంపేస్తాను సార్" అంటారు. తీరా ఊళ్లో పండగ పందిళ్లు లేచాక ఫైళ్లు వచ్చాయి.

ఆలస్యం ఒక్కటే అయితే ఊరుకునేవాణ్ణి. పాట పెట్టి వింటే జముకు లేదు. దాని జాగాలో కంప్యూటర్లో దొరికే రెడీమేడ్ లూప్, అంటే ఒకే దరువు మళ్లీ మళ్లీ తిరిగే ముక్క ఒకటి మోగుతోంది. జముకు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. తోలుకి కట్టిన నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే ఆ శబ్దం ఒక స్వరం మీద నిలబడదు, కిందకీ పైకీ జారుతుంది. కథలో ఏడుపు వచ్చేచోట అదీ ఏడుస్తుంది. లూప్‌కి కథ తెలియదు, మొదటి నుంచి చివరి దాకా ఒకటే కొట్టుడు. అది చాలదన్నట్టు పెద్దాయన గొంతుకి పిచ్ కరెక్షన్ (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్) వేశారు. ఆయన రాగం తీసేటప్పుడు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారతాడు, ఆ జారుడులోనే ఉంది అందమంతా. సాఫ్ట్‌వేర్ ఆ జారుడుని తప్పు అనుకుని ముక్కలు ముక్కలుగా మెట్ల మీద నిలబెట్టింది. పెద్దాయనకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. సగంలో తీసేసి, వాటిని తొడ మీద పెట్టుకుని, "ఇదేటి బాబూ, ఈ గొంతు నాది కాదు కదా" అన్నాడాయన. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇంజనీర్‌ని అడిగితే, ఒరిజినల్ శబ్దం పల్చగా ఉందట, ఇప్పటి పాట లౌడ్‌గా ఉండాలట, "అక్కడివాళ్లకి ఈ తేడాలు ఏం తెలుస్తాయి సార్" అన్నారు. ఈ మాట నేను మరిచిపోను. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊరు ఇది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు, ఘంటసాల, సుశీల గార్లు చదువుకున్న ఊరు. ఇక్కడివాళ్లకి తెలియదా? పోనీ, లౌడ్ సంగతైనా నిజమా అంటే అదీ కాదు. మరీ లౌడ్‌గా వచ్చిన పాటని యూట్యూబ్ తనంతట తానే దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత లౌడ్‌గా ఉందో చెప్పే కొలత) దగ్గరికి తగ్గించేస్తుంది. ఎత్తుపల్లాలు నొక్కి నొక్కి పెంచిన శబ్దం అక్కడ తగ్గిపోతుంది, నొక్కుడు వల్ల చచ్చిపోయిన వాద్యం దెబ్బ మాత్రం తిరిగి రాదు.

అందుకే ఆ పాటలన్నీ మొదటి నుంచి నేనే మళ్లీ మిక్స్ చేశాను. పండగ తప్పిపోయింది, జముకు మాత్రం ఉంది. ఇకమీదట మిక్సింగ్ ఇక్కడే, నా చేతుల మీదే జరుగుతుంది. వాయించేటప్పుడు ఎదురుగా కూర్చుని విన్నవాడికి ఆ వాద్యం ఎలా మోగాలో తెలుస్తుంది. ఈ విషయంలో ఎవరు తక్కువ రేటు చెప్పినా, ఎంత పెద్ద సినిమా పేరు చూపించినా ఇక బయటికి పంపను.

మరి మాస్టరింగ్ ఎందుకు బయటికి పంపుతున్నావు, అన్నీ నువ్వే చేసేయొచ్చు కదా అని మా తమ్ముడి దగ్గర్నుంచి అందరూ అడిగారు. నన్ను ఎక్కువ నలిపేసింది ఇదే. ఖర్చు కలిసొస్తుంది, టైం కలిసొస్తుంది, పౌరుషం కూడా అదే చెయ్యమంది. రాత్రిళ్లు కూర్చుని చేసి చూశాను. మన మిక్సింగ్ గది పొడవు 12 అడుగులు. ఆ కొలతకి 47 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ 94 దగ్గర బేస్ శబ్దం గోడల మధ్య పేరుకుపోతుంది. కుర్చీలో కూర్చుంటే డోలు ఒకలా, రెండడుగులు వెనక్కి జరిగితే ఇంకోలా వినిపిస్తుంది. మూలల్లో శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వూల్ పెట్టించాను, కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంకో సంగతి, ఒకే పాటని వారాల తరబడి విన్న చెవికి అందులో లోపం వినపడదు. కొత్త చెవి కావాలి, కొత్త గది కావాలి. అందుకని విశాఖలో వేరే ఇంజనీర్‌తో మాట్లాడుకున్నాను. అన్నీ కలిపేసిన స్టీరియో మిక్స్ ఒక్కటే పంపుతాం, విడివిడి ట్రాకులు పంపం. వాద్యం మార్చే వీలు ఆయనకి ఉండదు.

ఇంట్లోనే పాడి రికార్డు చేసుకుంటున్న కుర్రాళ్లకి ఒక మాట. మీరు నాకు పోటీ అని నేనెప్పుడూ అనుకోలేదు. కీబోర్డు ట్రాకు మీద ఒక్క గొంతు పాడటానికి యూఎస్‌బీ మైకు, ఫోను చాలు. ఫ్యాన్ ఆపండి, బట్టలు వేలాడదీసిన బీరువా తలుపు తెరిచి దాని వైపు తిరిగి పాడండి. గదిలో మోగిన ఎకో ఒకసారి గొంతుతో కలిసిపోతే దాన్ని శుభ్రంగా విడదీయడం చాలా కష్టం. ఆ ఫైలు తెస్తే మిక్సింగ్ ఒక్కటే చేసిస్తాను. తప్పెటగుళ్లు, కోలాటం, భజన బృందం అయితే మాత్రం ఇక్కడికే రండి. పదిమంది కలిసి వాయించేది ఒక్క మైకుకి సరిగ్గా అందదు.

రికార్డింగ్ రేటు పెంచలేదు. మిక్సింగ్ పాత రేటుకే. మాస్టరింగ్‌కి పాటకి 1,500 రూపాయలు విడిగా పడుతుంది, వారం రోజులు ఎక్కువ పడుతుంది. ఆ డబ్బులో నాకు ఒక్క రూపాయి మిగలదు, రసీదు చూపిస్తాను. పండగ పాటలు ఆలస్యమైన బృందాల దగ్గర బాకీ అడగను, అడ్వాన్సు కావాలన్నవాళ్లకి తిరిగి ఇచ్చేస్తాను.

పాట పూర్తయ్యాక మన గదిలో ఒకసారి, మీ ఫోన్లో ఒకసారి, మీ ఊరి మైక్ సెట్టు మీద ఒకసారి వినండి. సరే అన్నాకే మిగతా డబ్బు. కార్తీక మాసం భజన పాటలకు ఇంకా తేదీలు ఉన్నాయి. సోమవారాలు మాత్రం నిండిపోయాయి.