వార్షిక నివేదిక: అత్యవసర వైద్య సహాయకుల భద్రత, నిర్ణయ విధానం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఈ సంవత్సరం మన సంఘం నిర్వహించిన శిక్షణలో ఎక్కువ సమయాన్ని ఒక్క విషయానికే కేటాయించాం. బాధితుణ్ణి చేరుకోవాలన్న తొందరలో సహాయకుడే రెండో బాధితుడు కాకుండా చూసుకోవడమే ఆ విషయం. దీనిని పిరికితనంగా భావించేవారు ఇప్పటికీ ఉన్నారు కనుక, కారణాలను కొంత వివరంగా తెలియజేయడం అవసరమని కార్యవర్గం భావించింది.

ట్యాంకులు, మురుగు గుంతల వంటి ఇరుకైన ప్రదేశాల్లో సంభవించే మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవారివేనని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది. అక్కడ పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు తక్కువ మోతాదులో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే మాత్రం వాసన పసిగట్టే శక్తినే హరిస్తుంది. అందువల్ల "ఇప్పుడు వాసన రావడం లేదు, దిగుదాం" అనే మాట అత్యంత ప్రమాదకరమైనదని, గాలిని పరికరంతో పరీక్షించకుండా, శ్వాస పరికరాలూ అందుకు తగిన శిక్షణా ఉన్న బృందం రాకుండా ఎవరూ లోపలికి దిగరాదని ప్రతి శిక్షణలోనూ పదే పదే చెప్పాం.

అయితే ప్రమాదాన్ని గుర్తించినవారికి నోరు విప్పే ధైర్యం లేకపోతే ఈ జ్ఞానం నిరుపయోగం. సీనియర్ చెప్పిందే తుది మాటగా సాగడం వల్ల కలిగే నష్టాన్ని విమానయాన రంగం గుర్తించి, 1979లో నాసా నిర్వహించిన సదస్సు తర్వాత, కింది స్థాయివారు కూడా నిర్భయంగా మాట్లాడేలా సిబ్బంది శిక్షణ తీరునే మార్చుకుంది. మన అభ్యాసాల్లోనూ ఆ పద్ధతినే అనుసరించాం. మిగతావారు బాధితుడి వద్దకు వెళ్తుంటే, బృందంలో అందరికన్నా చిన్నవారు బాధితుణ్ణి కాక తెగిన విద్యుత్ తీగలను, కారుతున్న ఇంధనాన్ని, వచ్చే వాహనాలను గమనిస్తారు. వారు "ఆగండి" అంటే, కారణం అడగకముందే అందరూ ఆగాలి.

క్షతగాత్రులు ఎక్కువగా ఉన్న సందర్భాల కోసం, ఎవరికి ముందు చికిత్స అందించాలో వేగంగా వర్గీకరించే స్టార్ట్ ట్రయాజ్ పద్ధతిని కూడా అభ్యసించాం. నడవగలిగినవారిని పక్కకు పంపాక, నిమిషానికి 30కి మించిన శ్వాస, గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి 2 సెకన్లకు మించి పట్టడం, చెప్పిన పని చేయలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తక్షణ చికిత్స వర్గంలో చేర్చాలి. శ్వాసమార్గం తెరవడం, తీవ్ర రక్తస్రావాన్ని ఆపడం తప్ప మరేమీ చేయకుండా తదుపరి వ్యక్తి వద్దకు కదలడం చాలామంది సభ్యులకు మనసొప్పని పని. ఆ బాధ సహజమైనదే, గౌరవించదగినదే.

గుండె ఆగినవారికి చేసే సీపీఆర్‌లో ప్రతి 2 నిమిషాలకు ఛాతీ నొక్కే వ్యక్తి మారడం, వాడిన సూదికి తిరిగి మూత పెట్టకపోవడం వంటి నియమాలను పునశ్చరణ చేశాం. సైరన్‌తో వేగంగా వెళ్లడం వల్ల తరచుగా ఆదా అయ్యేది కొద్ది నిమిషాలేనని, ప్రమాద ముప్పు మాత్రం పెరుగుతుందని డ్రైవర్లతో చర్చించాం.

చికిత్స నిరాకరించే రోగి విషయంలో, ఆ నిర్ణయం తీసుకునే స్థితిలో ఆయన ఉన్నారో లేదో నిర్ధారించుకోవడంపై ఇంకా తగినంత సాధన జరగలేదు. వచ్చే సంవత్సరం శిక్షణ దానితోనే ప్రారంభమవుతుంది.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి