లేక్ చుట్టూ పూర్తి రౌండ్ ట్రిప్ ఆపేస్తున్నాం, కారణం ఇదీ

మా దగ్గర సైకిళ్ళు అద్దెకు తీసుకునేవాళ్ళకీ, సెలవు రోజుల్లో మాతో కలిసి లేక్ చుట్టూ వచ్చేవాళ్ళకీ ఒక మాట నేరుగా చెప్పాలి. "ఒక్క రోజులో పూర్తి రౌండ్" అని ఇన్నాళ్ళూ మేం నడిపిన ట్రిప్ ఈ వారం నుంచి ఉండదు. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాం, డబ్బులు వెనక్కి కావాలంటే మొత్తం ఇచ్చేస్తాం, కొత్త పద్ధతిలో రావాలనుకుంటే తేదీ మార్చి ఇస్తాం. ఎందుకు ఆపామో దాచకుండా చెప్తాను, పొరపాటు మాదే కాబట్టి.

కిందటి నెల ఒక ఆదివారం 14 మందితో బయలుదేరాం. ఏడింటికి కదలాల్సింది, సీట్ల ఎత్తు సరిచేసి, హెల్మెట్లు సరిపోయాయో లేదో చూసి, ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం ఆగి, కదిలేసరికి తొమ్మిదిన్నర దాటింది. అప్పుడే నేను "ఈరోజు సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేద్దాం" అనాల్సింది. అనలేదు. పూర్తి రౌండ్ అని చెప్పి డబ్బులు తీసుకున్నాం కదా, చేయించకపోతే ఏమనుకుంటారో అని టెన్షన్. మొదటి సగం బాగానే సాగింది. మధ్యాహ్నం అవతలి ఒడ్డు మలుపు తిరిగాక గాలి ఎదురైంది, చెట్ల నీడ అయిపోయింది, రెండు రోజుల కిందటి వానకి తడిసిన మట్టిదారి ఒకచోట ఇంకా ఆరలేదు. ఆ బురద టైరుకీ బ్రేకుకీ మధ్య ఇరుక్కుని చక్రాలు తిరగడం మానేశాయి. పదేళ్ళ బాబు ఒకడు ఏడవకుండా పళ్ళు బిగబట్టి చాలాసేపు సైకిల్ తోశాడు, ఇక వాడివల్ల కాక ఆగిపోతే వాళ్ళమ్మ ఒక చేత్తో తన సైకిలూ ఇంకో చేత్తో వాడి సైకిలూ పట్టుకుని నడిచారు, నేను చూసి పరుగెత్తుకొచ్చి అందుకునేదాకా. అందరం తిరిగి చేరేసరికి చీకటి పడింది, లైట్లేమో ఆరు సైకిళ్ళకే ఉన్నాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అంతవరకే మా అదృష్టం.

మర్నాడు ఆవిడ మెసేజ్ పెట్టారు. కోప్పడలేదు. "లేక్ చుట్టూ తిప్పారు గానీ, లేక్ చూపించలేదండి" అని ఒకే ఒక్క వాక్యం.

ఆ వాక్యం నన్ను వదల్లేదు. ఆ వారంలోనే ఒకరోజు షాపు మూసేసి, సైకిల్ పట్టుకెళ్ళకుండా, అదే దారిలో నడుచుకుంటూ వెళ్ళాను. మొదటి గంటలోనే ఒక ఎండు మోడు మీద నీటికాకి కనబడింది. రెండు రెక్కలూ బార్లా చాపి, వీపు ఎండకి పెట్టి కదలకుండా నిలబడింది, గొంతు దగ్గర చర్మం మాత్రం అదురుతూ ఉంది, రెక్క కొసల నుంచి ఒక్కో చుక్కా కారుతోంది. బాతులకి ఈకల్లోకి నీళ్ళు దిగవు, నీటికాకికి బయటి ఈకలు తడుస్తాయి, అందుకే నీళ్ళలోకి మునగడం దానికి తేలిక, అందుకే మునిగి వచ్చాక ఇలా ఆరబెట్టుకోవాలి. పావుగంట నిలబడి చూశాను. ఆ మోడు పక్కనుంచి ఎన్ని వందలసార్లు సైకిల్ మీద వెళ్ళానో, ఎంతమందిని "త్వరగా, త్వరగా" అంటూ తీసుకెళ్ళానో గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

నడిస్తేనే తెలిసినవి ఇంకా ఉన్నాయి. చెక్క వంతెన ఉంది కదా, దాని పలకలు మనం వెళ్ళే దిక్కుకే పొడవుగా వేసి ఉన్నాయి. అడ్డంగా వేసిన పలకల మీద సైకిల్ కాస్త దడదడలాడుతుంది, అంతే. పొడవుగా వేస్తే సన్నటి టైరు సరిగ్గా పలకల సందులోకి దిగిపోతుంది, హ్యాండిల్ తిప్పినా చక్రం తిరగదు, మనిషి పడిపోతాడు. మేం ఇన్నాళ్ళూ అక్కడ "జాగ్రత్త" అని అరిచి ఊరుకున్నాం. ఆ తర్వాత పెద్ద చెట్ల కింద వేళ్ళు సిమెంటు దారిని పైకి లేపేశాయి, సాయంత్రం నీడలు పడితే ఆ ఎత్తుపల్లాలు కనబడవు. జమ్ము ఒత్తుగా పెరిగిన మలుపులో అయితే ఎదురుగా వచ్చే మనిషి పది అడుగుల దగ్గరికి వచ్చేదాకా తెలియదు.

ఆ మలుపు దాటాక రోజూ అక్కడ వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దాయన నన్ను ఆపారు. "బాబూ, మీవాళ్ళు వెనక నుంచి టింగ్‌మని బెల్ కొడతారు, నేను ఎటు జరగాలి?" అని అడిగారు. నిజంగా నా దగ్గర జవాబు లేదు. బెల్ కొడితే చాలు, మన పని అయిపోయిందని నేనూ అనుకునేవాణ్ణి. వీపు వెనక హఠాత్తుగా చప్పుడైతే మనిషి ముందు ఉలిక్కిపడతాడు, తర్వాత ఏదో ఒక పక్కకి జరుగుతాడు, సరిగ్గా అటే మనం వస్తుంటాం. నడిచే మనిషి వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లు, తీరిగ్గా తొక్కినా సైకిల్ వేగం పన్నెండు, పదిహేను. దగ్గరికొచ్చి కొడితే ఆయనకి ఆలోచించుకునే టైమే ఉండదు. ఇకనుంచి మాతో వచ్చేవాళ్ళు దూరం నుంచే ఒకసారి బెల్ కొట్టాలి, వేగం తగ్గించాలి, "కుడివైపు నుంచి వస్తున్నానండి" అని నోటితో చెప్పాలి, ఆయన విన్నారని తెలిశాకే దాటాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళూ, చిన్నపిల్లల్ని నడిపించుకెళ్ళేవాళ్ళూ, కుక్కని తాడుతో పట్టుకున్నవాళ్ళూ ఎదురైతే పూర్తిగా నెమ్మదించాలి, ఇరుకుగా ఉంటే దిగి నడవాలి. ఒడ్డు వెంట దారి నడిచేవాళ్ళది కూడా, ఇంకా చెప్పాలంటే ముందు వాళ్ళదే. ఈ విషయంలో నేను మొహమాటపడను, ఎవరైనా పాటించకపోతే ఆపి చెప్తాను.

ఇక దూరం సంగతి. నీళ్ళకి అవతల కనిపించే గట్టు మనల్ని చాలా మోసం చేస్తుంది. మధ్యలో చెట్టు గానీ ఇల్లు గానీ లేక కొలత అందదు, ఇదిగో ఇక్కడే కదా అనిపిస్తుంది. లెక్క చూస్తే, సరస్సు అచ్చంగా గుండ్రంగా ఉండి అవతలి గట్టు సూటిగా రెండు కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి, ఒడ్డు వెంట వెళ్తే అదే గట్టుకి మూడు కిలోమీటర్ల పైన. ఏ సరస్సూ అంత గుండ్రంగా ఉండదు, నీళ్ళు లోపలికి చొచ్చుకొచ్చిన ప్రతి వంపూ తిరిగి రావాలి, దాంతో ఇంకా పెరుగుతుంది. మా పాత మ్యాప్‌లో ఆ వంపులు చాలావరకు సాఫీ గీతలా గీశాం. ఆ మ్యాప్ చూసి బయలుదేరినవాళ్ళకి క్షమాపణ చెప్తున్నాను, ఆ కాపీలు మీ దగ్గరుంటే వాడకండి.

గాలి గురించి కూడా మేం ముందే చెప్పి ఉండాల్సింది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి, నేల మీద వేడి గాలి పైకి లేస్తే ఆ చోటులోకి నీటి మీది చల్లగాలి వస్తుంది, అందుకే పొద్దున ప్రశాంతంగా ఉన్న ఒడ్డు మధ్యాహ్నానికి గాలి పట్టుకుంటుంది. పైగా నీటి మీద గాలిని ఆపే చెట్టూ లేదు, గోడా లేదు. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగాలి కూడా 15 ఉంటే, ఒంటికి తగిలే గాలి 30 అయినట్టు, అప్పుడు అది వెనక్కి నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆ ఆదివారం అందరూ ఉన్నట్టుండి డీలా పడిపోవడానికి కారణం ఇదే, వాళ్ళకి చేతకాక కాదు.

పెద్ద సరస్సుల దగ్గర ఎలా చేస్తారో కూడా చదివాను. జపాన్‌లో బివా సరస్సు చుట్టూ సైకిల్ దారి సుమారు 200 కిలోమీటర్లు. అక్కడ గడియారం ముళ్ళకి వ్యతిరేక దిశలో తిరగమంటారు, ఎందుకంటే ఆ దేశంలో బండ్లు రోడ్డుకి ఎడమవైపు నడుస్తాయి, అటు తిరిగితే నీళ్ళు ఎడమచేతి పక్కనే ఉంటాయి, మధ్యలో ఎదురొచ్చే బండ్లు అడ్డం ఉండవు. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా మూడింటి మీదుగా సాగే కాన్‌స్టన్స్ సరస్సు దారి సుమారు 260 కిలోమీటర్లు, దాన్ని చాలామంది కొన్ని రోజులుగా విడగొట్టుకుంటారు, అలసిపోతే మధ్యలో పడవెక్కో రైలెక్కో వచ్చేస్తారు. మన దారి వాటితో పోలిస్తే చాలా చిన్నది. అయినా మధ్యలో ఆగిపోయే వీలు లేకుండా మేమే చేసి పెట్టాం.

కొత్త పద్ధతి ఇదీ. పొద్దున్నే, గాలి లేవకముందు బయలుదేరతాం. సైకిళ్ళు సరిచేసే పని ముందురోజు సాయంత్రమే అయిపోవాలి, అందుకే బుక్ చేసేటప్పుడు మీ ఎత్తు అడుగుతాం, దయచేసి సరిగ్గా చెప్పండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే మోకాలు నిటారుగా రావాలి, సీటు ఎత్తుకి అదే గుర్తు; సీటు మరీ కిందికి ఉంటే తొక్కినంతసేపూ మోకాలు నొప్పి. గాలి వీస్తుంటే ముందు ఎదురుగాలిలోనే వెళ్తాం, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఆ కష్టం అయిపోతుంది, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి నెడుతుంది. చెట్ల వరస అయిపోయే చోట సైకిళ్ళకి తాళాలు వేసి, అక్కణ్ణుంచి మట్టిదారి మొత్తం నడకే, వాన పడినా పడకపోయినా. మా మనిషి ఒకరు సైకిళ్ళ దగ్గరే ఉంటారు, నడవలేనివాళ్ళు అక్కడే నీడలో కూర్చోవచ్చు. తర్వాత వెళ్ళిన దారిలోనే వెనక్కి. "వచ్చిన దారే కదా, మళ్ళీ ఏం చూస్తాం" అని ఒకరిద్దరు ఇప్పటికే అడిగారు. పొద్దున వెళ్ళేటప్పుడు ఎండ ఒక పక్క నుంచి పడుతుంది, వచ్చేటప్పుడు ఇంకో పక్క నుంచి, పొద్దున వెండిలా మెరిసిన నీళ్ళే మధ్యాహ్నానికి అడుగు దాకా కనిపిస్తాయి. నేను రెండు పూటలా చూశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

ఎనిమిది మందికి మించి తీసుకెళ్ళం. దీనివల్ల మాకు రాబడి తగ్గుతుంది, ఆ లెక్క వేసుకునే నిర్ణయం తీసుకున్నాం. ప్రతి సైకిల్‌కీ ముందూ వెనకా లైట్లు పెట్టేశాం, పగటి ట్రిప్ అయినా సరే. సైకిల్ తొక్కి చాలా ఏళ్ళయినవాళ్ళు సిగ్గుపడకుండా ముందే చెప్పండి, ఖాళీ స్థలంలో ఒక అరగంట బ్రేకులు అలవాటు చేయిస్తాం. ముందు బ్రేకుకి ఆపే శక్తి ఎక్కువ, కానీ ఇసుక మీద, తడి ఆకుల మీద అదొక్కటే గట్టిగా పట్టేస్తే చక్రం జారిపోతుంది, రెండూ కలిపి మెల్లగా పట్టడం చేతికి అలవాటు కావాలి. వదులుగా ఉండే ప్యాంటు అయితే కుడికాలి అంచు మడిచి కట్టుకోండి, చెయిన్ అటే ఉంటుంది. షూ లేసులు లోపలికి దోపేయండి. నీళ్ళు పచ్చరంగు పోసినట్టు తెట్టు కట్టి కనిపిస్తే పిల్లల్ని చేతులు పెట్టనివ్వకండి, అలాంటి నాచులో కొన్ని రకాలకి విషం ఉంటుంది.

ఆ బాబు వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వస్తామనీ అనలేదు, రామనీ అనలేదు, "వంతెన దగ్గర ఏం చేస్తున్నారు?" అని మాత్రం అడిగారు. వంతెన దగ్గర అందరూ దిగి సైకిల్ తోసుకుంటూ నడవాల్సిందే, ఎంత బాగా తొక్కేవాళ్ళయినా సరే, ముందు నేను దిగుతాను.